దూడకు కప్పిన మల్లుగుడ్డ

మా నాయనను గిద్దలూరు బజారులో ధర్మాత్ముడు అనేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట అన్నవాళ్లలోనూ చాలామంది పోయారు. నాకూ పళ్లూడిపోయాయి. వయసు పైబడితే కోపం చల్లారుతుందంటారు గానీ నా మటుకు నాకు చల్లారలేదు. చల్లారకూడదనే అనుకుంటాను.

మాది బట్టల దుకాణం. అప్పుడు మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది, పైన మద్రాసు సర్కారు. యుద్ధం రోజులు. ఆ యుద్ధం ఎక్కడ జరుగుతోందో మా వీధిలో ఎవరికీ సరిగా తెలియదు. కిరసనాయిలు దొరక్కపోవడం, గుడ్డ దొరక్కపోవడం, మాకు తెలిసిన యుద్ధం అంతే. గుడ్డకు కంట్రోలు పెట్టారు. ఇంటికో కార్డు ఇచ్చి, అది చూపిస్తేనే గుడ్డ అన్నారు. రైల్లో బేళ్లు దిగాయని తెలిస్తే కొమరోలు వైపు పల్లెల నుంచి జనం నడిచొచ్చి, పొద్దున్నే దుకాణం ముందు కూర్చునేవాళ్లు. కొన్ని ఇళ్లలో అత్తాకోడళ్లిద్దరికీ కలిపి బయటికి కట్టుకుపోయే చీర ఒక్కటే ఉండేది. ఒకరు కూలికి పోతే ఇంకొకరు తలుపు వేసుకొని ఇంట్లో ఉండాల్సిందే. అట్లాంటి వాళ్లు వచ్చి కూర్చుంటే, మధ్యాహ్నం కాకముందే నాయన చేతులు దులుపుకొని, "అయిపోయింది నాయనా. మళ్లీ బేలు వస్తే చూద్దాం, పోండి" అనేవాడు. ఆ గొంతులో ఎంత దిగులు ఉండేదో. మొదట్లో నేను కూడా నమ్మాను.

మా అమ్మ చేతులు ఊరికే ఉండేవి కావు. ఇంట్లో కుట్టుమిషను లేదు. సూది, దారం, ఒక కత్తెర, గోనెలు కుట్టే దబ్బనం, వీటితోనే అన్నీ చేసేది. చినిగిన చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. నాయన పాత పంచెలు దిండ్లకు గలీబులయ్యేవి. పేలికలు మెలిపెట్టి కుండల కింద పెట్టే చుట్టకుదుళ్లు చేసేది. చిలక పంజరానికి చలికాలం ఒక ముసుగు కుట్టింది. దూడ మన్ను తినకుండా దాని మూతికి తాడుతో చిక్కం అల్లింది. నాకు గురిగింజల కళ్లు పెట్టి గుడ్డబొమ్మ చేసింది. నాయన ఇదంతా చూసి, "ఎప్పుడు చూసినా పేలికల పనే" అని విసుక్కునేవాడు.

ఆ పనిలో సగం ఆమెకు నేర్పింది పల్లె నుంచి వచ్చే అవ్వ. ఊరి బయట కిరస్తానీల పల్లె ఉండేది. అవ్వ అక్కడి నుంచి వారానికి మూడు సార్లు వచ్చి మా దొడ్లో కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, చెనక్కాయలు ఒలిచిపోయేది. ఆదివారం ప్రార్థన ఉంటుందని వచ్చేది కాదు. పని అయ్యాక ఆమె కొట్టం నీడన కూర్చుంటే, అమ్మ దొడ్డివాకిలి గడపకు ఇవతల కూర్చునేది. ఇద్దరి మధ్య ఒక బండ. అవ్వ నాలుగు కుట్లు వేసి చూపించి, గుడ్డను సూదితో సహా ఆ బండ మీద పెట్టేది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నాక అమ్మ ఆ గుడ్డ మీద రెండు చుక్కలు నీళ్లు చిలకరించి తీసుకునేది. 

"గట్టిగా లాగొద్దమ్మా, గుడ్డ ముడుచుకుంటాది. దారాన్ని దాని పాటికి దాన్ని పోనీ" అనేది అవ్వ.

అట్ల నేర్చుకున్న బొంతల మీదే మేమందరం పడుకునేవాళ్లం. కుట్టుకు లేని అంటు చేతికి ఎట్లా వచ్చిందో అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే అమ్మ మీద కూడా కోపం వస్తుంది. అమ్మను నేను చాలా ప్రేమించాను, అయినా వస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం నాయన చెనక్కాయల బస్తాలని చెప్పి బండి మీద ఇంటికి కొన్ని మూటలు పంపించాడు. అమ్మ ఒక మూట మూతి విప్పి చూస్తే పైన రెండు దోసిళ్ల చెనక్కాయలు, కింద అంతా తెల్లటి మల్లుగుడ్డ తానులు. నాయన వెనకే వచ్చి తలుపు గడియ పెట్టాడు.

"ఇవేంది?" అంది అమ్మ.

"పరుపులు పాతబడినాయి గదా. విప్పి కొత్తగా కుట్టు. దూదితో పాటు ఇవి కూడా లోపల పెట్టు."

"పరుపులో తానులు ఎవరన్నా పెడతారా?"

"పెట్టమంటే పెట్టు. పైకి తెలియకుండా ఎట్ల కుట్టాలో నీకు నేను చెప్పాల్నా? ఊళ్లో నీ అంత సన్నంగా కుట్టేది ఎవరుండారు?"

ఆమె కుట్టును ఆయన మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ మొహం విప్పారింది. నాకు ఆ మొహం బాగా గుర్తు. ఒక మంచి మాట కోసం అన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఆ మాట ఎట్లాంటి పనికోసం వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆమె కూర్చుని పరుపు విప్పింది. తానులను చదునుగా పరిచి, కింద పైన బూరుగు దూది పేర్చి, అంచులు ఎత్తుపల్లాలు లేకుండా కుట్టింది. తర్వాత ఇంకో పరుపు. తర్వాత దిండ్లు. తర్వాత బొంతలు. బొంత పొరల్లో పాత చీరలకు బదులు కొత్త గుడ్డ పోయింది. మా ఇంట్లో పక్కలన్నీ లావెక్కాయి.

అదే సమయంలో నాయన ఇంకో కట్టడి పెట్టాడు. ఇంట్లో ఎవరికీ కొత్త బట్ట లేదు. చినిగితే మాసిక వేసుకోవడమే. "దుకాణం వాడి బిడ్డే మాసికల లంగా వేసుకుంటే మనల్ని ఎవడు అనుమానిస్తాడు?" అన్నాడు. నా లంగాకు మోకాళ్ల దగ్గర మాసికలు, వాటి మీద మళ్లీ మాసికలు. తానుల మీద పడుకొని పొద్దున్నే ఆ లంగా కట్టుకునేదాన్ని.

నాకు కూడా నోటికి పాఠం నేర్పించాడు. "ఎవరు ఏమడిగినా ఇంట్లో గుడ్డ లేదని చెప్పు. పాతదీ లేదు, కొత్తదీ లేదు. నోరు జారితే నాయనను జైల్లో పెడతారు. తెలిసిందా?" తెలిసిందన్నాను. నాకు అప్పుడు పదేళ్లు.

ఆ ఏడు చలి ఎక్కువ. నల్లమల మీది నుంచి గాలి దిగితే కొట్టంలో ఆవు కూడా ముడుచుకునేది. దానికి ఆలస్యంగా పుట్టిన దూడ, తెల్లటిది, వణుకుతూ నా లంగాకు రాసుకునేది. దానికి ఒక చొక్కా కుడతానని అవ్వను అడిగాను. ఆమె తాడు తీసుకొని దూడ మెడ నుంచి తోక దాకా, వీపు నుంచి పొట్ట దాకా కొలిచి, ఎక్కడ కత్తిరించాలో గోనె మీద బొగ్గుతో గీసిచ్చింది. కడుపు కింద ముడి వేసే పట్టీలు ఎట్ల అతకాలో చెప్పింది. దబ్బనంతో నాలుగు మధ్యాహ్నాలు కుట్టాను. వేళ్లు బొబ్బలెక్కాయి. పూర్తయ్యాక అవ్వ తిప్పి తిప్పి చూసి, "మొదటి పని అంటే ఎవురూ నమ్మరు బిడ్డా" అంది. నేను చేత్తో చేసిన మొదటి వస్తువు అది.

రెండు రోజుల తర్వాత నాయన దాన్ని చూశాడు. అప్పటికి కర్నూలు నుంచి కంట్రోలు ఆఫీసరు వస్తున్నాడని బజారులో గుసగుసలు మొదలయ్యాయి. పరుపుల్లో, దిండ్లలో ఇక చోటు లేదు, సగం తాను మిగిలిపోయింది.

"దూడకు గోనె గుచ్చుకోదా పాపా? మెత్తగా అస్తరు వేద్దాం. వారం రోజులే, మళ్లీ తీసేస్తాం" అన్నాడు.

అమ్మ ఆ సగం తానును మడతలు పెట్టి, ఇంకో గోనెముక్క కింద వేసి, రెండు గోనెల మధ్య గుడ్డ కనబడకుండా చుట్టూ కుట్టింది. అంచులు నా చేతనే కుట్టించారు. నా చేతిపని కూడా ఆయనకు పనికొచ్చిందని నేను గర్వపడ్డాను. ఆ చలికాలం మా చుట్టుపక్కల కొత్త మల్లుగుడ్డ ఒంటి మీద వేసుకొని తిరిగింది మా దూడ ఒక్కటే.

ఆఫీసరు వచ్చాడు. దుకాణం వెతికి, ఇద్దరు బంట్రోతులతో ఇంటికి వచ్చాడు. అటక చూశారు. గాదెల్లో కర్ర పెట్టి పొడిచారు. అలిసిపోయి ఆయన వసారాలో పరిచిన పరుపు మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ పంపింది. గ్లాసు ఇవ్వడానికి నేనే పోయాను. ఆయన నా లంగా చూశాడు.

"ఏం పాపా, బట్టల శెట్టిగారి అమ్మాయివి, నీకు కూడా మాసికలేనా?"

నేను తల వంచుకున్నాను. నాయన నిట్టూర్చాడు. "ఏం చేస్తాం దొరా, ఊరందరితో పాటే మేమూ."

ఆఫీసరు తల ఊపి, మజ్జిగ తాగి, పరుపు అంచును వేళ్లతో తడిమాడు. "కుట్టు చాలా బాగుందండీ. ఎవరు కుట్టారు?"

"మా ఇంట్లో వాళ్లే దొరా."

"మంచి పనిమంతురాలు" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నాయన కడుపు పట్టుకొని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. గ్లాసు తీసుకుపోయి చాలాసేపు తోమింది.

వారం రోజులే అన్న అస్తరును నాయన తీయించలేదు. ఆఫీసరు మళ్లీ రావచ్చని అట్లనే ఉంచాడు.

ఆ అస్తరు వేసే ముందే అవ్వ రావడం మానేసింది. ఆమె మొగుడికి దగ్గు, జ్వరం అని తెలిసింది. ఒక పొద్దున అమ్మ పక్క వీధిలో చుట్టాలింటికి అప్పడాలు వత్తడానికి పోయింది. నాయన దుకాణంలో ఉన్నాడు. నేను ఒక్కదాన్నే దొడ్లో దూడకు గడ్డి వేస్తున్నాను. దొడ్డితలుపు తోసుకొని అవ్వ వచ్చింది. జుట్టు విరబోసుకొని ఉంది.

"పాపా, అమ్మ లేదా?"

"అప్పడాలకు పోయింది అవ్వా."

ఆమె కొట్టం గుంజను పట్టుకొని నిలబడింది. "మీ తాత పోయినాడు బిడ్డా, తెల్లారేటప్పుడు. అంగడికాడికి పోయినా, కార్డు చూపించినా. మీ నాయన లేదన్నాడు. పొద్దు గుంకేలోపల పూడ్చాలంటాండాడు పాస్టరు అయ్యగారు. మూడు గజాలు తెల్లగుడ్డ ఉంటే చాలు. కొత్తది కాకపోతే పాత పంచైనా సరే. అమ్మ ఉంటే ఏదో ఒకటి ఇచ్చేది. ఇంట్లో చూడు బిడ్డా, ఏమన్నా ఉందేమో."

"ఇంట్లో గుడ్డ లేదు అవ్వా" అన్నాను. నేర్పించిన మాట నేర్పించినట్టే వచ్చింది. "పాతదీ లేదు, కొత్తదీ లేదు."

దూడకు ఆమె అంటే చనువు. పోయి ఆమెను రాసుకుంది. అవ్వ చెయ్యి అలవాటుగా దాని వీపు మీద పడింది. పడి, ఆగింది. బొటనవేలితో గోనెను ఒకసారి నొక్కి చూసింది. తర్వాత అంచు వెంబడి వేళ్లు జరిపింది, కుట్టు దగ్గర నిలిపింది. గోనె కింద ఎన్ని మడతలున్నాయో, అవి ఏ గుడ్డో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె నా మొహం చూసింది.

"మంచి గుడ్డే కప్పినావు బిడ్డా దూడకు."

గొంతులో కోపం లేదు. ఆమె వెంటనే పోలేదు కూడా. నిలబడింది. కత్తెర లోపల మేకుకు వేలాడుతోంది, పది అడుగుల దూరం. పోయి తెచ్చి నాలుగు కుట్లు కోస్తే చాలు. ఆ మాట నాకు అప్పుడే తోచింది, ఇప్పుడు కల్పించి రాయడం లేదు. ఆమె నాకోసమే ఆగిందని కూడా తెలుసు. నేను గడ్డివైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి దొడ్డితలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

మధ్యాహ్నం అమ్మ ఇంకా రాకముందే నాయన అన్నానికి వచ్చాడు, ఆయనకు చెప్పాను.

"ఏమని చెప్పినావు?"

"లేదని చెప్పినా."

"శభాష్. తెలివి కలదానివి." లోపలికి పోయి కలకండ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తిన్నాను. చప్పరించి, వేళ్లు కూడా నాకాను. నాయన మీద ఇంత కోపంగా రాస్తున్నప్పుడు ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

అమ్మకు ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. మర్నాడు బట్టలకు వచ్చిన చాకలామె చెప్పింది.

"మీ కొట్టం ఊడ్చే అవ్వ మొగుడు పోయినాడమ్మా నిన్న. గుడ్డ దొరకలేదంట. గోనెలో పెట్టి పూడ్చినారు. ఆయమ్మే రెండు గోనెలు విప్పి, పీనుగు పక్కన కూర్చోని దబ్బనంతో కుట్టింది."

"వాళ్లింట్లో బొంత ఉంది గదా" అంది అమ్మ.

"బొంత పూడిస్తే పిల్లోళ్లు ఈ చలికి ఏం కప్పుకుంటారు?"

చాకలామె మూట కట్టుకొని పోయింది. అమ్మ నా వైపు తిరిగింది.

"అవ్వ ఈడికి వచ్చిందా?"

అంతా చెప్పాను. దూడ మీద చెయ్యి వేసిన సంగతి, ఆమె అన్న మాట, కలకండ సంగతి కూడా. చెప్పి, దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. అమ్మ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. కళ్లు తెరిచేసరికి ఆమె కత్తెర తీసుకొని దొడ్లోకి పోతోంది. దూడ మీది గోనెను పట్టీలు కోసి లాగేసింది. అంచులు కోసి లోపలి గుడ్డను బయటికి తీసింది. తర్వాత వసారాలోకి వచ్చి, ఆఫీసరు కూర్చున్న పరుపును నిలువునా చీల్చింది. కుట్లు విప్పలేదు, చీల్చింది. దూది వసారా అంతా ఎగిరింది. తానులు ఒకటొకటీ లాగి ఒక దుప్పట్లో వేస్తుంటే నాయన అన్నానికి వచ్చాడు.

ఆయన మొదట చేసిన పని వీధితలుపు గడియ పెట్టడం.

"నీకేమన్నా దయ్యం పట్టిందా? ఏం చేస్తాండావు?"

"నిన్న ఆమెకు మూడు గజాలు లేవా మీ దగ్గర?"

"ఆమెకొకదానికి ఇస్తే పల్లె అంతా వస్తాది. యాడి నుంచి వచ్చిందని అడుగుతారు. నన్ను జైలుకు పంపించి నువ్వు బజార్న పడతావా? బజారులో నేనొక్కడినేనా దాచింది?"

"నా చేత కుట్టించినారు. నా బిడ్డ చేత అబద్ధమాడించినారు."

"కుట్టినప్పుడు నీకు తెలీదా లోపల ఏముందో?" అన్నాడు నాయన. ఆ ఒక్క మాట ఆయన నిజమే అన్నాడు.

అమ్మ చెయ్యి ఆగింది. "తెలుసు" అంది. "తెలిసే కుట్టినా. సిగ్గులేక కుట్టినా." దుప్పటి నాలుగు చెంగులూ ముడి వేసింది. నాయన వీధితలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె అటు పోనే లేదు. మూట నెత్తికెత్తుకొని దొడ్డితలుపు గుండా బయటికి నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

మిట్టమధ్యాహ్నం. మా ఇళ్ల ఆడవాళ్లు నెత్తిన మూటతో బయట నడవడం ఎవరూ చూసి ఉండరు. అరుగుల మీద వాళ్లు లేచి నిలబడి చూశారు. ఎవరో "ఎక్కడికి వదినా?" అని పిలిచారు. అమ్మ ఆగలేదు. ఊరు దాటి, వాగు పక్క దారిలో పల్లెలోకి పోయాం. నేను పల్లెలో అడుగు పెట్టడం అదే మొదలు. అమ్మ కూడా అంతే.

అవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. అమ్మ మూటను కింద పెట్టకుండా ఆమె చేతుల్లో పెట్టింది. అవ్వ మూట వైపు, అమ్మ వైపు చూసింది.

"ఇప్పుడెందుకమ్మా ఇది?"

"తెలీదు. తెచ్చినా."

అవ్వ మూటను గుడిసె గడప మీద పెట్టింది. తర్వాత, "నిన్న గోనె కుడుతూ నేను ఏమనుకున్నానో చెప్పమంటావా?" అని అడిగింది.

"చెప్పు."

"నీకు సూది పట్టేది ఎందుకు నేర్పించినానా అనుకున్నా."

అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అవ్వ ఇరుగుపొరుగు ఆడవాళ్లను కేకేసింది. వాళ్లు వచ్చి తానులు విప్పి, కొలవడానికి గజం కర్ర లేక మూరలు వేసి, గాటు పెట్టి చేతులతో చించుకున్నారు. పర్రుమని చినిగే ఆ చప్పుడు పల్లె అంతా వినబడింది. ఎవరూ మమ్మల్ని మెచ్చుకోలేదు, తిట్టలేదు. అవ్వ తనకూ ఒక ముక్క పెట్టుకుంది. ఆమెకూ కట్టుకోవడానికి లేదు గదా. అమ్మ లేచి కొంగు దులుపుకొని ఇంటిదారి పట్టింది.

ఆ కథ అక్కడితో ముగిసి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో.

రెండు రోజులు నాయన నోరు విప్పలేదు. ఎవరైనా కర్నూలుకు కబురు చేస్తారేమోనని భయపడుతూ ఉన్నాడు. మూడోరోజు పల్లె నుంచి పాస్టరు అయ్యగారు, ఇద్దరు పెద్దలు మా వీధిలోకి వచ్చారు. అరుగు కింద నిలబడి నాయనకు నమస్కారం పెట్టారు.

"శెట్టిగారూ, తమరు అమ్మగారితో మా పల్లెకు గుడ్డ పంపించినారు. ఈ కరువులో ఎవరు చేస్తారు ఇట్లాంటి పని? మీకు దేవుడు మేలు చేస్తాడు."

నాయన ఒక్క క్షణం ఆగాడు. తలుపు వెనక నేను, అమ్మ నిలబడి ఉన్నాం. ఆ క్షణం ఆయన మొహంలో లెక్కలు నడవడం నాకు కనబడింది. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"నాదేముంది అయ్యగారూ. ఇంట్లో శుభకార్యానికని ఎప్పటి నుంచో దాచి పెట్టుకున్నది. మీ కష్టం చూడలేక పంపించినా."

ఆ సాయంత్రానికి బజారంతా పాకింది. ఇంట్లో పెళ్లికి దాచుకున్న గుడ్డను కిరస్తానీలకు పంచిన శెట్టి. ఆఫీసరు కూడా విని మెచ్చుకున్నాడట. ఆ తర్వాత మా ఇంటిని వెతకడానికి ఎవరూ రాలేదు. రెండో పరుపులో ఉన్నవీ, దిండ్లలో, బొంతల్లో ఉన్నవీ నాయన నిమ్మళంగా బండికెత్తించి, ఎక్కువ ధరకు అమ్ముకోవడానికి మార్కాపురం పంపించేశాడు. ఆ పక్కల కుట్లు కోసింది ఆయనే, మొరటుగా, కత్తిపీటతో. అమ్మ కళ్ల ముందే ఆమె చేసిన పని ఆయన పుణ్యమైంది. ధర్మాత్ముడన్న పేరు అప్పుడు పుట్టింది.

అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమె చేసింది ఒక్కటే. ఆ రోజు నుంచి నాయన కోసం సూది పట్టలేదు. ఒకసారి ఆయన చొక్కా తెచ్చి, "బొత్తాం ఊడింది, కుట్టు" అన్నాడు.

"దర్జీ ఉండాడు" అంది.

"ఒక బొత్తానికి దర్జీ దగ్గరికి పోవాల్నా?"

ఆమె చిక్కం అల్లుకుంటూ కూర్చుంది. ఆయన బతికినన్నాళ్లూ బొత్తాం ఊడినా, పంచె చినిగినా బజారుకే పోయాడు. మిగిలిన అందరికీ కుట్టేది. నాకు రవికలు, దూడలకు చలికి కప్పే పట్టాలు, చిలక పంజరానికి ముసుగు. చీల్చిన పరుపును మాత్రం మళ్లీ కుట్టలేదు. నాయన కొత్త పరుపు కొనుక్కున్నాడు, అమ్మ చాప మీద పడుకునేది.

ఆమె శిక్ష అంతే. నాకది చాలదనిపించేది. ఇప్పటికీ చాలదు. ఒకసారి అడిగాను, "నలుగురిలో ఎందుకు చెప్పలేదమ్మా?" అని.

"కుట్టింది నేను గదా" అంది.

అవ్వ మళ్లీ మా ఇంటికి రాలేదు. కొట్టం ఊడ్చడానికి వేరే ఆమె వచ్చేది. నాకు పద్నాలుగేళ్లకు మార్కాపురం సంబంధం కుదిరింది. పెళ్లికి మూడు రోజుల ముందు, ఇల్లంతా చుట్టాలతో నిండి ఉండగా, ఎవరికీ చెప్పకుండా పల్లెకు పోయాను. అవ్వ గుడిసె ముందు మనవరాలి లంగాకు అంచు కుడుతోంది. చూపు తగ్గినట్టుంది, గుడ్డను కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఎవరని అడిగితే చెప్పాను. కూర్చోమనలేదు.

"అవ్వా, ఆ పొద్దు దూడ మీద ఏముందో నాకు తెలుసు. తెలిసే లేదని చెప్పినా."

ఆమె కుట్టు ఆపలేదు. చివరిదాకా వచ్చాక దారాన్ని పంటితో కొరికింది.

"నాకు తెలీదనుకుంటివా?"

"లేదు అవ్వా."

"మరి నాకెందుకు చెప్తాండావు? తెలిసినదాన్ని నేను. తెలియనోళ్లకు చెప్పు. మీ నాయన అంగడి ముందర నిలబడి, ఆయనకు దండాలు పెట్టేటోళ్లకు చెప్పు. అది చేతకాకపోతే నా దగ్గరికి రావొద్దు."

ఆమె నన్ను చిన్నపిల్లవని అనలేదు. క్షమించాననీ అనలేదు. ఆ మనిషిని నేను ఇప్పటికీ గౌరవించేది అందుకే.

బజారు గుండా తిరిగి వచ్చాను. నాయన దుకాణంలో తెల్లటి దిండుకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ఎర్రగొండపాలెం వైపు నుంచి వచ్చినవాళ్లు పదిమంది దాకా పెళ్లిబట్టలు చూస్తున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన, "తమ చేతి మీదుగా కొంటే బిడ్డకు మంచి జరుగుతాదని ఇంత దూరం వచ్చినాం" అంటున్నాడు. నాయన నన్ను చూసి ముద్దుగా పిలిచాడు.

"యాడికి పోయినావమ్మా ఈ ఎండలో, పెళ్లికూతురివి?"

అందరూ నా వైపు తిరిగారు. నోటిదాకా వచ్చింది. నాలుక మీద మాట బరువు కూడా తెలిసింది.

"ఊరికే నాయనా" అన్నాను. ఇంటికి పోయాను. మూడోరోజు నా పెళ్లి జరిగింది.